తలుపు మూస్తేనే చల్లబడే గది

మా ముత్తాత మెట్‌పల్లి వైపు ఇరవై రెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతుల మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత కరీంనగర్ వస్తే అవ్వల్ తాలూక్‌దార్ తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించేవాడు. ఆ రోజుల్లో జిల్లాకు పెద్ద అధికారి ఆయనే. మా బాపు కాలానికి ఊళ్లు తగ్గాయి, కుర్చీ తగ్గలేదు. వాళ్ల ముగ్గురి తర్వాత మిగిలింది నేను. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ఇది తెలియకపోతే మా ఇంటి తలుపు సంగతి అర్థం కాదు, తలుపు సంగతి తెలియకపోతే ఏర్‌కండిషనర్ సంగతీ అర్థం కాదు.

కరీంనగర్ ఇల్లు మా తాత కట్టించాడు, కచేరీ పనుల మీద వచ్చినప్పుడు దిగడానికి. రోడ్డు వైపు దివాన్‌ఖానా. దానికి ఇద్దరు మనుషులు కలిసి తోస్తే గానీ కదలని రెండు రెక్కల టేకు తలుపు. ఆ తలుపుకు ఒక రివాజు ఉండేది. పొద్దున వాకిలి చల్లగానే తెరవాలి, దీపాల వేళకు మూయాలి. పగటి పూట అది మూసి ఉంటే రెండే అర్థాలు: దొర ఊళ్లో లేడు, లేదా ఇంట్లో చావు. రెండింటిలో ఏదైనా వచ్చినవాళ్లు అరుగు ఎక్కకుండానే వెనక్కి పోవాలి. తలుపు కొట్టకూడదు. తెరిచి ఉంటే మాత్రం ఎవరైనా రావచ్చు. భూమి తగాదా ఉన్నవాడు, ఎద్దు పోయినవాడు, ఊరికే దండం పెట్టిపోయేవాడు, అందరూ వచ్చేవారు. దొర ఇంట్లో ఉండి తలుపు మూసుకున్నాడంటే అంతకన్న చిన్నతనం లేదని బాపు అనేవాడు.

దివాన్‌ఖానా దూలానికి గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు వెనుక గోడలోని చిన్న తూటు గుండా అవతలి వసారాలోకి పోయేది. అక్కడ ఒక మనిషి గోడకు చేరగిలబడి, తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని లాగుతూ ఉండేవాడు. ఆ మనిషికి జీతం లేదు. అది వెట్టి. అన్నం పెట్టేవాళ్లం, ఏడాదికొక ధోవతి ఇచ్చేవాళ్లం, అంతే. ఆయన ముఖం నాకు సరిగా గుర్తు లేదు. దివాన్‌ఖానాలో కూర్చున్నవాళ్లకు తాడు కనిపించేది, మనిషి కనిపించేవాడు కాదు.

పోలీస్ యాక్షన్ తర్వాత ఊళ్లో మా గడీ ఖాళీ చేసి ఈ ఇంటికే వచ్చేశాం. అప్పటికి నన్ను కన్న అవ్వ లేదు. నేను పెళ్లయిన మూడో ఏటనే భర్తను పోగొట్టుకుని బాపు దగ్గరికి తిరిగి వచ్చి ఉన్నాను. భూములు చాలావరకు కౌలుదార్లవి అయ్యాయి. పంకా లాగే మనిషి ఒక వేసవి నుంచి రావడం మానేశాడు. పోట్లాడలేదు, చెప్పి పోలేదు. తాడు మాత్రం తూటులోంచి వేలాడుతూ ఉండేది.

ఒక వేసవిలో బాపు హైదరాబాద్ వెళ్లి లారీతో తిరిగి వచ్చాడు. దేశం విడిచిపోతున్న ఒక నవాబు గారి సామాను హర్రాజులో కొన్నాడట. లారీలో తివాచీ చుట్టిన పెద్ద ఇనుప పెట్టె. అదే ఏర్‌కండిషనర్. కరీంనగర్‌లో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. రోడ్డు వైపు గోడ పగలగొట్టించి దివాన్‌ఖానాలోనే పెట్టించాడు. తను పడుకునే అర్రలో పెట్టుకోలేదు. తను ఎప్పటిలా నడిమింట్లో నులక మంచం మీదే పడుకునేవాడు. యంత్రం వచ్చిపోయేవాళ్ల కోసం.

అది మొదలైతే వాడకట్టంతా వినిపించేది, అందరిళ్లలో కరెంటు దీపాలు మసకబారేవి. ఎదురింటి ఆడవాళ్లు మాకు వినబడేటట్టే అనుకునేవారు.

"దొరింట్ల మిషన్ సురువైంది, మా బుగ్గలు గుడ్డిగైనయ్ సూడు."

"సల్లగాలి వాళ్లకు, సీకటి మనకు."

బాపుకు ఆ మాటలు వింటే సంతోషంగా ఉండేది. ఎవరూ పట్టించుకోకపోవడం కన్న తిట్టుకోవడం నయమని ఇప్పుడు నాకు తెలుసు. యంత్రం నడుస్తున్నప్పుడు కూడా పెద్ద తలుపు తెరిచే ఉండేది. మూయాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. పోసిన చల్లదనం పోసినట్టే రోడ్డు మీదికి పోయేది. బాపు సరిగ్గా దాని మూతి ముందు కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు. కొందరు అధికారులు వచ్చారు. తర్వాత చిన్న అధికారులు వచ్చారు. తర్వాత బంధువులు. తర్వాత ఎవరూ రాలేదు.

బాపు పోయినప్పుడు ఆ తలుపు పదమూడు రోజులు మూసి ఉంది. పదమూడో రోజు కర్మ ముగిసి, వచ్చిన కొద్దిమందీ వెళ్లిపోయాక, నేనే గడియ తీశాను. వంట చేసే ముసలమ్మ ఇంకో రెక్క పట్టింది. నన్ను ఎత్తుకుని పెంచింది ఆమే. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

"ఎవరస్తరని తెరుస్తున్నవ్ బిడ్డా?" అన్నది.

"ఎవరు రాకపోయినా తెరవాలె," అన్నాను.

యంత్రం మరుసటి వేసవి నుంచి మొరాయించడం మొదలుపెట్టింది. చప్పుడు వస్తుంది, చలి రాదు. బస్టాండు దగ్గరి మంచు ఫ్యాక్టరీలో పనిచేసే మిస్త్రీకి కబురు పంపాం. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచి. దివాన్‌ఖానా మధ్యలో నిలబడి యంత్రం వైపు కాదు, ముందు పై దూలం వైపు చూశాడు. తర్వాత వెనుక గోడ దగ్గరికి పోయి తూటు మీద వేలు పెట్టాడు.

నేను లోపలి తలుపు పరదా వెనుక నిలబడి ఉన్నాను. "మిషన్ ఆడ లేదు, ఈడుంది," అన్నాను.

"ఎర్కేనమ్మా. గీ తూట్లకెళ్లే మా బాపు తాడు గుంజుతుండె. ఒక్కసారి సూద్దామని."

పంకా మనిషి ఈ వైపు నుంచి ఆ తూటును ఎన్నడూ చూసి ఉండడని నాకు అనిపించింది. కొడుకు క్రైస్తవ మిషనరీల బడిలో చదివాడట, వాళ్ల కుటుంబం చర్చిలో కలిసిందట, హైదరాబాద్‌లో ఈ పని నేర్చుకున్నాడట. ఇవన్నీ ముసలమ్మ తర్వాత చెప్పింది.

ఆయన పెట్టె విప్పి, రాగి గొట్టాలు తడిమి, సబ్బు నురగ పూసి, ఎక్కడ బుడగ లేస్తుందో చూశాడు. గ్యాస్ కారిపోతోందన్నాడు. గొట్టం అతికి, హైదరాబాద్ నుంచి గ్యాస్ తెప్పించి నింపితే నడుస్తుందన్నాడు.

"ఏటేటా నింపాల్నా?"

"కారినప్పుడల్ల నింపాలె. మా బాపు నయముండె గదమ్మా, ఏం నింపకున్నా నడుస్తుండె."

ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. దొర ఎదుట ఈ మాట అనగలిగేవాడా అనుకున్నాను. కానీ దొర లేడు. మాటలో అబద్ధమూ లేదు. టీ పంపించాను. ఆయన అరుగు మీద నిలబడే తాగి పోయాడు.

ఆ తర్వాత మూడు వేసవులు అలాగే జరిగింది. చైత్రం రాగానే యంత్రం పాడయ్యేది, ఆయన వచ్చేవాడు. ఒక్కో ఏడు రెండుసార్లు, ఒక ఏడు నాలుగుసార్లు. వచ్చినప్పుడల్లా ఒక పూట పట్టేది. పనిచేస్తూ మాట్లాడేవాడు. పెద్ద బిడ్డ టీచర్ ట్రైనింగ్‌కు పోతోందని, మంచు ఫ్యాక్టరీలో గడ్డల మీద పడుకునే ఒక పిల్లి ఉందని, ఆసిఫాబాద్‌లో ఒక ఫారెస్టు రేంజర్ ఐస్ పెట్టె బాగు చేయడానికి పోతే అందులో నాటుకోడి పొదుగుతోందని. నేను మొదట పరదా వెనుక ఉండేదాన్ని. తర్వాత పరదా పక్కన. మూడో వేసవికి స్తంభం దగ్గర నిలబడి వినేదాన్ని. కూర్చొమ్మని మాత్రం అనలేదు. దివాన్‌ఖానాలో కుర్చీలున్నాయి, వాటిలో కూర్చొమ్మని పంకా మనిషి కొడుకుతో నా నోటితో అనాలని నాకు అనిపించలేదు. ఆయన కూడా కూర్చోవాలని చూడలేదు.

యంత్రం చప్పుడు మారితే ఇంకెవరైనా ఖర్చని దిగులు పడతారు. నాకు మనసు నెమ్మదించేది. ఇక మిస్త్రీకి కబురు పంపొచ్చు. తెరిచిన ఆ తలుపు దాటి పని మీద లోపలికి వచ్చే మనిషి ఆయన ఒక్కడే. ఈ సంగతి అప్పట్లో నాకు నేను కూడా చెప్పుకోలేదు.

నాలుగో వేసవి ఆయన పెట్టె విప్పి గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూశాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇగ దీన్ని ఇడిసిపెట్టుండ్రి. కంప్రెషర్ అలిసిపోయింది. కాయిల్ల ఇంక అతికే జాగ లేదు. బాగు చేసుడు కన్న కొత్తది తెచ్చుకునుడు నయం."

"కొత్తది వస్తే ఎన్నేండ్లు నడుస్తది?"

"మీ ఇంట్లనా? మూడేండ్లు. గంతే."

"ఎందుకు? మా ఇంట్ల ఏం దోషముంది?"

ఆయన పెద్ద తలుపు వైపు చేయి చూపించాడు. గడప మీద రెండు ఊరకుక్కలు కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాయి. ప్రతి వేసవిలో యంత్రం మొదలవగానే వచ్చేవి, ఆగగానే పోయేవి.

"గా కుక్కలకు ఎర్కే ఏం దోషమో. గింత పెద్ద తలుపు బార్లా తెరిసి పెడితే మిషన్ ఏం జేస్తది? అర్ర సల్లబడితే జర ఆగి దమ్ము తీసుకుంటది. మీ అర్ర సల్లబడదు, అది ఆగదు. పదేండ్ల సంది మీరు రోడ్డును సల్లవెడుతున్నరమ్మా."

ముసలమ్మ మళ్లీ నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది.

"మా ఇంట్ల పగటీలి తలుపు మూసే రివాజు లేదు," అన్నాను.

"అయితే రివాజన్న ఉంచుండ్రి, మిషనన్న ఉంచుండ్రి."

"తలుపు మూస్తే ఇదే నడుస్తదా, కొత్తది లేకుండా?"

ఆయన ఆలోచించాడు. "ఆఖరుసారి బాగు చేస్త. కంప్రెషర్ లోపటి ముక్క హైదరాబాద్ల దొరుకుతదేమో సూస్త. గని మీరు తలుపు మూస్తనంటెనే. లేకుంటె నా పని బూడిదల పోసినట్టే, నాకు మనసొప్పది."

రెండు రోజులు ఆలోచించాను. కొత్తది కొనాలంటే ఊళ్లో మిగిలిన మామిడితోట అమ్మాలి, అదీ మూడేళ్లకు పోతుంది. యంత్రాన్ని తీసేయడమంటే ఈ ఇల్లు చప్పుడు లేని ఇల్లవుతుంది. ఇంకొకటి కూడా ఉంది, అది ముసలమ్మ నాకన్న ముందు అన్నది.

"మిషన్ తీసేస్తే గా మిస్త్రీ గూడ రాడు గద బిడ్డా."

"ఆయన రాకుంటే మనకేం?" అన్నాను. చాలా గట్టిగానే అన్నాను.

మూడో రోజు కబురు పంపాను: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా తలుపు మూస్తాం, బాగు చేయమను. నాలుగు గంటలే కదా, ఆ ఎండలో ఎవరూ రారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎండ లేని వేళ కూడా ఎవరూ రావడం లేదన్నది ఆ లెక్కలోకి రానివ్వలేదు.

ఆయన ముక్క తెచ్చి, రెండు పూటలు కష్టపడి బిగించాడు. పోయేటప్పుడు తలుపు రెక్కలు తనే తోసి చూశాడు. కీళ్లు కిర్రుమన్నాయి. సందుల్లో పెట్టడానికి గుడ్డ పేలికలు అడిగి తీసుకున్నాడు.

"ఇగ సూడుండ్రి. మీరు దుప్పటి అడగకుంటే నన్నడుగుండ్రి."

మొదటి రోజు పన్నెండుకు ముసలమ్మా నేనూ తలుపు మూశాం. వీధి చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది. దివాన్‌ఖానా చీకటిగా అయింది. నేను బాపు కుర్చీలో కూర్చున్నాను. అరగంటకు చేతుల మీది చెమట ఆరింది. గంటకు యంత్రం టక్కున ఆగింది, పాడైందేమోనని లేచాను. కాసేపటికి అదే మళ్లీ మొదలైంది. దమ్ము తీసుకోవడమంటే ఇదన్నమాట. పదేళ్లలో అది ఆగి మొదలవడం నేను వినలేదు. ముసలమ్మ గోడకు ఆనుకుని నిద్రపోయింది. నేను బాపు శాలువా తెచ్చుకుని కప్పుకున్నాను, వైశాఖంలో. సుఖంగా ఉంది. దాచడం ఎందుకు, చాలా సుఖంగా ఉంది. నాలుగు కొట్టినా లేవబుద్ధి కాలేదు.

అలా మూడు వారాలు గడిచాయి. తలుపు తెరిచే వేళ నాలుగు నుంచి అయిదుకు జరిగింది. కుక్కలు రావడం మానేశాయి. యంత్రం ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

ఒక సోమవారం ముసలమ్మ అంగడి నుంచి కూరగాయలు తెచ్చి, సంచి దించకుండానే నా ముందు నిలబడింది.

"మిస్త్రీ పెండ్లాం కలిసింది. వాళ్ల బిడ్డ లగ్గమైపోయిందట. మొన్న బుధవారం, చర్చిల."

"మనకు చెప్పలేదేం?"

"చెప్పనీకె వచ్చిండ్రట. ఇద్దరు ఆలుమొగలు. పట్టుబట్టలు కట్టుకోని, పసుపు బెట్టిన శుభలేఖ పట్టుకోని. పట్టణంల మొదటి కార్డు మనకే ఇద్దామనుకున్నరట."

"మరి?"

"తలుపు మూసి ఉండెనట."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మిషన్ నడుస్తలేదా? నడుస్తుంటే లోపల ఉన్నట్టే కదా. ఆయనకు తెలియదా? మూయమన్నదే ఆయన."

"నేను గదే అడిగిన. మిషన్ మంచిగ నడుస్తుందని కిందనే నిలబడి సప్పుడు ఇని సంబురపడ్డడట. దొరసాని పండుకున్నట్టున్నది అన్నడట. జరసేపు నీడకు నిలబడ్డరట. ఇగ ఆ ఎండలనే పోయిండ్రట. మళ్ల రానీకె లగ్గం పనులల్ల తీరలేదట."

ఆ శుభలేఖ వాళ్లు ఎవరికిచ్చారో నేను అడగలేదు. పెళ్లికి పిలుపు ఆ తలుపు ముందుకు వచ్చి ఆరేళ్లకు పైనే అయింది. విధవరాలినని మా వాళ్లు పిలవరు, పడిపోయిన ఇల్లని మిగతావాళ్లు పిలవరు. వెళ్లేదాన్నా అంటే, చెప్పలేను. చర్చి మెట్లు ఎక్కేదాన్ని కాదేమో. పిలిచాక వెళ్లకపోవడం వేరు.

ఆయనకు కబురు పంపాను. తోలు సంచితో వచ్చాడు, మళ్లీ పాడైందనుకుని. తలుపు బార్లా తెరిచి ఉంది. యంత్రం ఆగి ఉంది.

"బిడ్డ లగ్గం మంచిగైందా?" అన్నాను.

"మంచిగైందమ్మా."

"పిలువ వస్తివట."

"వచ్చిన. తలుపు మూసుండె."

"కొట్టకపోతివా? మూయమన్నది నువ్వే గద."

ఆయన సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "నిజమే, నేనే అన్న. నాకు లోపటున్నరని ఎర్కే. గని దొరింటి తలుపు మూసుంటే అరుగెక్కద్దని మా బాపు చిన్నప్పటి సంది చెప్పిండు. కాలు పైకి లేవలే. నా పెండ్లాం గూడ అన్నది, కొట్టు అని. నాతోని కాలే."

ముసలమ్మ టీ తెచ్చి అరుగు మీద పెట్టబోయింది. ఇటు తెమ్మన్నాను. ఒక కుర్చీ చూపించాను. ఆయన దాని అంచున కూర్చుని గ్లాసు పట్టుకున్నాడు. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. ఆయన గుటగుటా తాగేశాడు.

"మిషన్ తీసేయాలె," అన్నాను.

"మంచిగ నడుస్తుంది గదమ్మా! ఇంక నాలుగేండ్లకు ఫికర్ లేదు. ఎందుకు తీసుడు?"

"తలుపు తెరవాలె."

ఆయన నన్ను చూశాడు, తలుపును చూశాడు. వాదించలేదు. చేసిన పని వృథా అయినందుకు బాధపడ్డాడని ఆయన స్క్రూలు తిప్పే తీరులోనే తెలిసింది. యంత్రాన్ని దించి, గోడలో మిగిలిన పెద్ద రంధ్రం ఇటుకలతో పూడ్పించే ఏర్పాటు కూడా తనే చేశాడు. పంకా వేలాడిన దూలానికే కరెంటు పంఖా బిగించి, దాని తీగను తాడు పోయిన తూటులోంచి లాగాడు. పోయేటప్పుడు, పంఖాకు ఏడాదికోసారి నూనె చుక్క వేస్తే చాలు, అది మీరే వేసుకోవచ్చు అని ముసలమ్మకు చూపించాడు.

ఆయన బిడ్డకు చీర పంపాను. తీసుకున్నారని ముసలమ్మ చెప్పింది. ఆ పంఖా చాలా మంచిది, తర్వాతి ఏళ్లలో ఒక్కసారి కూడా చెడలేదు. ఆయనకు మా ఇంటికి రావలసిన పని మళ్లీ పడలేదు. తలుపు పొద్దున తెరిచి దీపాల వేళకు మూస్తూ వచ్చాను. కుక్కలు కూడా తిరిగి రాలేదు.

ఆ ఏడు ఇంట్లోంచి అమ్మినవి మూడు: ఏర్‌కండిషనర్, దాని ఇనుప స్టాండు, పాత పంకా తాలూకు టేకు కర్ర.